గళ్ల పట్టుచీర కుచ్చిళ్లు: గీత మీదా, గడి మీదా?

నిడుగల్లు చుట్టుపక్కల మన ఇళ్లలో పెళ్లి కుదిరితే అవ్వ నాటి ధర్మవరం పట్టుచీర పెట్టెలోంచి బయటికి వస్తుంది. ఇప్పుడు చాలామంది దానికి ముందే కుచ్చిళ్లు పెట్టించి, ఇస్త్రీ చేయించి, కొందరైతే కుట్టించి తెచ్చుకుంటున్నారు. అది గళ్ల చీరైతే ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి: మడత ఎక్కడ పడాలి?

స్కాట్లాండులో గళ్ల ఉన్నిబట్టతో కుట్టే కిల్ట్‌కూ ఇదే ప్రశ్న. దానికి సుమారు 8 గజాల బట్ట పట్టి, వెనకవైపంతా కుచ్చిళ్లే ఉంటాయి. అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి కుచ్చిలి మీదా ఒకే గీత వచ్చేలా మడవడం. రెండోది, మడతలు పడినా గళ్లు విరగకుండా వరసగా సాగేలా మడవడం.

మన చీరకూ ఈ లెక్క పనికొస్తుంది. 4 అంగుళాల గడికి 4 అంగుళాల కుచ్చిలి పెడితే ఒక్కో కుచ్చిలికి 8 అంగుళాల బట్ట, అంటే సరిగ్గా రెండు గళ్లు పోతాయి. అన్ని అంచుల మీదా అదే గీత పడుతుంది. 5 అంగుళాలు పెడితే రెండున్నర గళ్లు పోయి, గీత ఒకటి విడిచి ఒకటి వస్తుంది. చూపుకు చెదిరినట్టు ఉండేది అందుకే. గళ్లు వరసగా సాగాలంటే, రెండు గళ్ల మీద, పక్క కుచ్చిలి బయటికి కనిపించేంత బట్ట కలిపి మడవాలి.

పెద్ద గళ్లకు గీత పద్ధతి నిండుగా ఉంటుంది; ఏ రంగు ముందుకు రావాలో మనమే ఎంచుకోవచ్చు. చిన్న గళ్లకు ఏదైనా ఒకటే. అప్పుడు కింది అంచు సమంగా ఉందా లేదా చూసుకుంటే చాలు.

కుట్టించే ముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. జరీ ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే అక్కడే చిట్లుతుంది. ఇస్త్రీతో గట్టిగా నొక్కిన గీత పాత పట్టుకు మరీ చేటు. పెళ్లయ్యాక మడతలు విప్పి, గాలికి ఆరేసి, వేరే వరసలో మడిచి పెట్టండి.

కిల్ట్ కుచ్చిలి కుట్టేస్తారు, నిర్ణయం ఒక్కసారే. మన చీర కట్టిన ప్రతిసారీ కొత్తగా మడుచుకోవచ్చు. కుచ్చిళ్లనండి, కన్నడంలో నెరిగె అనండి, అవ్వ చేతిలో ఉన్న ఆ లెక్కను పిల్లలకు ఈ పెళ్లిలోనే నేర్పిద్దాం. చీర ఇంకో పెళ్లికీ పనికిరావాలి కదా.