గుండెపోటు వచ్చాక టైమ్ ఎక్కడ పోతోంది?

ఈ ఎపిసోడ్‌లో గుండెపోటు గురించి మాట్లాడుకుందాం. ఏం తినాలి, ఎంత నడవాలి అన్నది కాదు. నొప్పి మొదలైన నిమిషం నుంచి మందు ఒంట్లోకి వెళ్ళేదాకా ఏం జరుగుతుందో, అది.

కోవూరులో ఒక ఇల్లు అనుకోండి. రాత్రి రెండింటికి నాన్నకి ఛాతీ బరువెక్కింది, చెమటలు పడుతున్నాయి. "గ్యాస్ పట్టేసిందిరా, సోడా తాగితే పోద్ది" అంటాడు. సోడా అయింది, గ్యాస్ మాత్ర అయింది, వీపు రుద్దడమూ అయింది. "తెల్లారనీ, చూద్దాం." పెన్నా బ్రిడ్జి దాటితే నెల్లూరే కదా, ఆ రాత్రిపూట ఎంత సేపు? రోడ్డు మీద కన్నా మంచం మీద పోయే టైమే ఎక్కువ.

మన దేశంలో 'క్రియేట్' అని పెద్ద రిజిస్ట్రీ ఒకటి నడిచింది. 20,468 మంది పేషెంట్ల వివరాలతో 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి సగం మందికి 6 గంటలు, లేదా ఇంకా ఎక్కువే పట్టింది. లోపలికి వెళ్ళాక గడ్డ కరిగించే మందు పడటానికి మాత్రం 50 నిమిషాలే. ఇంకో మాట, నన్ను బాగా బాధపెట్టింది ఇదే: నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు పేదల్లో 8.2 శాతం, బాగా ఉన్నవాళ్ళల్లో 5.5 శాతం. అందిన వైద్యంలో తేడాని లెక్కలోకి తీసుకుంటే ఆ గ్యాప్ పోయింది. అంటే గుండెలో తేడా కాదు, అందిన ట్రీట్‌మెంట్‌లో తేడా.

లోపల జరిగేది సింపుల్. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడుతుంది. దాని అవతల ఉన్న కండరం అరగంట ప్రాంతంలోనే చావడం మొదలుపెడుతుంది, కొన్ని గంటలపాటు చస్తూనే ఉంటుంది. చచ్చిన కండరం మళ్ళీ రాదు. అందుకే ఆసుపత్రికి వెళ్ళిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటిది నార్మల్ అని వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయమనండి, అడగడానికి మొహమాటం వద్దు.

స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ దగ్గర్లో లేకపోతే? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది, టెనెక్టెప్లేస్. బయట వేల రూపాయల ఖరీదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టరు అక్కడి నుంచే చూసి చెప్తారు. మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకి ఇది ఇవ్వరు. 12 గంటల దాకా పనికొస్తుంది గానీ మొదటి రెండు మూడు గంటల్లో చేసే మేలు వేరు. ఇది పడ్డాక కూడా యాంజియోగ్రామ్‌కి వెళ్ళాలి. "నొప్పి తగ్గిందిగా, ఇంటికి పోదాం" అనకండి.

షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వాంతి, దవడ నొప్పిగా కూడా రావచ్చు. అమ్మ "నీరసంగా ఉందిరా" అని పడుకుంటే ఒకసారి చెమట పట్టిందేమో చూడండి.

గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్న వాట్సాప్ ఫార్వర్డ్ ఉంది చూశారా, అది డిలీట్ చేసేయండి. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు, 108కి ఫోన్ చేయండి. చేసేముందు ఫోన్‌లో టైమ్ చూసి, నొప్పి ఎన్నింటికి మొదలైందో నోట్ చేసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.