ఆకలి ఆట: రెండోసారి చదివినప్పుడు

సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' నవల 2008లో వచ్చింది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా బడి లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే, అది నిద్రపోయాక నేను తీసుకుని రెండు రాత్రుల్లో పూర్తిచేశాను. ఆ తర్వాత మళ్ళీ దాని జోలికి పోలేదు. 2025లో ఆ వరసలో ఐదో పుస్తకం వచ్చినప్పుడు, అది మొదలుపెట్టే ముందు పాతది ఒకసారి తిరగేద్దామని తీశాను. ఈసారి పన్నెండు రోజులు పట్టింది. కథ తెలుసు కనక తర్వాతేమవుతుందోనన్న తొందర లేదు. ఆ తొందర లేకుండా చదివితే అది వేరే పుస్తకంలా ఉంది. నేను చెప్పబోయేది ఆ వేరే పుస్తకం గురించి.

చదవని వారి కోసం కథ క్లుప్తంగా. ఎప్పుడో రాబోయే కాలంలో, ఉత్తర అమెరికా శిథిలాల మీద పానెం అనే దేశం ఉంటుంది. రాకీ పర్వతాల్లో కాపిటల్ అనే రాజధాని, దాని చుట్టూ దాన్ని పోషించే 12 డిస్ట్రిక్టులు. ఒకప్పుడు డిస్ట్రిక్టులు తిరగబడి ఓడిపోయాయి. దానికి శిక్షగా ఏటా ఒక్కో డిస్ట్రిక్టు 12 నుంచి 18 ఏళ్ళ లోపు వారిలో ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి పంపాలి. ఆ 24 మందినీ ఒక బరిలో వదిలేస్తారు, ఒక్కరే మిగలాలి. దేశమంతా టీవీలో చూసి తీరాలి. పన్నెండో డిస్ట్రిక్టు అపలాచియా కొండల్లోని బొగ్గుగనుల ఊరు. అక్కడి పదహారేళ్ళ కాట్నిస్, చీటీలో తన చెల్లెలు ప్రిమ్ పేరు వస్తే, ఆమె బదులు తాను వెళుతుంది.

ఈ పేరు తెలుగులో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే మన భాష ఒక చిన్న ఉపకారం చేసిందనిపించింది. ఇంగ్లీషులో ఆ రెండో మాట పోటీని మాత్రమే సూచిస్తుంది. మనకు పిల్లలు ఆడుకునేదీ ఆటే, సినిమాహాల్లో వేసేదీ ఆటే. "మొదటి ఆటకు టిక్కెట్లు దొరకలేదు, రెండో ఆటకు వెళ్ళాం" అనుకుంటూ పెరిగినవాళ్ళం. ఆడేవాళ్ళకీ చూసేవాళ్ళకీ కలిపి ఒక్క మాట. ఈ నవలకు అంతకంటే సరైన మాట దొరకదు. ఒక రాత్రి టీవీలో ఛానెళ్ళు మారుస్తుంటే ఒక పక్క రియాలిటీ షో, ఇంకో పక్క ఇరాక్ యుద్ధం వార్తలు వచ్చి, రెండూ తన మనసులో కలగలిసిపోయాయని, అక్కడినుంచే ఈ కథ పుట్టిందని రచయిత్రి చెప్పారు. పానెం అన్న పేరు లాటిన్‌లో రొట్టెకు వాడే మాట. జనానికి రొట్టె, వినోదం పడేస్తే చాలు, ఇంకేమీ అడగరని రోమన్ కవి జువెనాల్ వెక్కిరించిన మాటలోంచి తీసుకున్నారు.

మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తుండిపోయింది వినోదం సగం. ఇప్పుడు రొట్టె సగం కనిపిస్తోంది. పుస్తకంలో 27 అధ్యాయాలుంటే, కాట్నిస్ బరిలో కాలుపెట్టేసరికి పది అయిపోతాయి. ఆ పదింటి నిండా తిండే. ప్రిమ్ మేకపాలతో చేసిన జున్నుముద్ద, పీటా అనే రొట్టెలవాళ్ళ కుర్రాడు తల్లి చేత దెబ్బలు తిని వానలోకి విసిరిన మాడిన రొట్టెలు, ఆ మర్నాడు బడి ఆవరణలో కనబడిన డాండెలియన్ పువ్వు. ఆ పువ్వు చూశాకే, తండ్రి నేర్పిన ఆకులూ దుంపలూ ఏరుకుని ఇంటిల్లిపాదినీ బతికించవచ్చని ఆ పిల్లకు తడుతుంది. (మా వీధిలో ఆ మొక్క పచ్చికలో ఒక్కటి తలెత్తినా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది, మందు కొట్టించమని.) కాట్నిస్ అన్నది కూడా నీటిలో పెరిగే ఒక దుంపమొక్క పేరే.

ఇంకో చిన్న వాక్యం, మొదటిసారి నా కంటికి ఆనలేదు. పన్నెండో డిస్ట్రిక్టులో ఆకలితో చచ్చిపోవడం మామూలే, కానీ కాగితాల మీద మాత్రం ఎవరూ ఆకలితో పోరు. జ్వరమనో, చలి అనో, న్యుమోనియా అనో రాస్తారు. ఈ మాట చదివి మా అవ్వ గుర్తొచ్చింది. ఆవిడది అనంతపురం వైపు. 1950ల మొదట్లో వచ్చిన కరువులో గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషి. చింతపిక్కలు వేయించి, నానబెట్టి, దంచుకుని తిన్నామని చెప్పేది. "ఆకలితో ఎవురూ సావల్యా నాయనా, అందురూ రోగాలొచ్చే సచ్చిరి," అనేది. అందులో వెటకారం ఉందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక అసలు విషయం, చీటీల లెక్క. మొదటిసారి దీన్ని కథకు కావలసిన సరంజామాగా దాటేశాను. ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పన్నెండేళ్ళకు ఒక చీటీ, పదమూడుకు రెండు, అలా పద్ధెనిమిదికి ఏడు. ఇది అందరికీ సమానమే. కానీ పేదవాళ్ళు అదనపు చీటీ వేయించుకుని దానికి బదులు టెసెరా తీసుకోవచ్చు. ఒక టెసెరా అంటే ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని గింజలు, నూనె. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవచ్చు, అవన్నీ ఏటా కలుస్తూ పోతాయి. కాట్నిస్ తనకూ తల్లికీ చెల్లికీ మూడు తీసుకుంటుంది. మామూలుది ఒకటి కలిపితే ఏడాదికి నాలుగు, అయిదేళ్ళలో ఇరవై. ఆమె స్నేహితుడు గేల్ ఇంట్లో అయిదుగురు. ఏడాదికి ఆరు చొప్పున ఏడేళ్ళకు 42. మేయరు గారి అమ్మాయికి పదహారేళ్ళకు అయిదే. అంటే కడుపు నిండినవాడి కంటే కాలినవాడికి చావు చీటీలు ఎన్నో రెట్లు ఎక్కువ. పైకి మాత్రం అదృష్టం, గాజుపాత్ర, కళ్ళెదుటే చీటీ తీయడం. ఎవరినీ ఎవరూ ఎంచలేదు! చెల్లెలి చేత ఒక్క టెసెరా కూడా తీయించకుండా కాట్నిస్ కాపాడుకుంటుంది. వేల చీటీల్లో ఉన్న ఆ ఒక్క చీటీయే వస్తుంది.

ఈ కథకు మూలం గ్రీకు పురాణంలో ఉందని కాలిన్స్ చెప్పారు. ఏథెన్స్ నగరం ఏడుగురు కుర్రాళ్ళనూ ఏడుగురు కన్యలనూ క్రీట్ దీవిలోని వృషభాసురుడికి ఆహారంగా పంపే కథ. మనవాళ్ళకు వెంటనే తట్టేది ఏకచక్రపురం. ఇంటికొక వంతు చొప్పున బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. నేను వెళ్తానంటే నేను వెళ్తానని తల్లీ తండ్రీ కూతురూ వాదించుకోవడం, గడ్డిపరక పట్టుకుని రాక్షసుణ్ణి చంపేస్తానన్న పసివాడు, చివరికి కుంతి తన కొడుకును పంపడం. చిన్నప్పుడు బకాసురుడి వంతు ఎంత న్యాయమైన ఏర్పాటో అనిపించేది, అందరికీ సమానం కదా అని. భారతంలో ఆ ఘట్టం మళ్ళీ చూశాను. తన బదులు మనిషిని కొని పంపడానికి తన దగ్గర డబ్బు లేదని ఆ బ్రాహ్మణుడు కుంతితో అంటాడు. అంటే డబ్బున్నవాడికి అక్కడా దారి ఉందన్న మాట. తేడా ఒక్కటే. ఏకచక్రపురానికి భీముడు దొరికాడు. పానెంలో బరిలోకి దిగిన పిల్ల తక్కిన పిల్లల మీదే బాణం ఎక్కుపెట్టాలి, రాక్షసుడు టీవీ ముందు కూర్చుని ఉంటాడు.

ఇదంతా అతిశయోక్తి కాదా అని ఎవరైనా అడిగితే నేను 1877 చూపిస్తాను. మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నది అదే. మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో జనం రాలిపోతుంటే, ఆ ఏడాది జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ ప్రభువు విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేసి రాజులకూ అధికారులకూ విందులిచ్చాడు. ఖర్చు తగ్గించమని అతను పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. అంటే అర్ధ కిలో కూడా లేదు. దానికి తోడు చిల్లర పైకం. డాక్టరు కార్నిష్ అనే మద్రాసు అధికారి ఇది చావుకూడని గట్టిగా పోట్లాడాక కొన్ని నెలలకు కాస్త పెంచారు. టెసెరా గింజలు ఎన్నో పుస్తకంలో కాలిన్స్ తూకం వేసి చెప్పలేదు. మనకు తూకం వేసిన లెక్క ఉంది.

అప్పుడు మా అమ్మాయి భోజనాల దగ్గర అడిగిన ప్రశ్న ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. "నాన్నా, మనది ఏ డిస్ట్రిక్ట్?" పొలాలూ తోటలూ ఉండే పదకొండో డిస్ట్రిక్టని చెప్పాను, మా తాతముత్తాతల్ని తలచుకుని. "కాదు, మనం కాపిటల్‌లో ఉన్నాం," అని అన్నం కలుపుకుంది. ఈసారి దాని మాట మనసులో పెట్టుకునే చదివాను. తేలిందేమిటంటే ఆ పుస్తకంలో మనలాంటి వాళ్ళు లేరు. పానెంలో ఒక డిస్ట్రిక్టు నుంచి ఇంకోదానికి వెళ్ళడానికే వీల్లేదు, కంచె దాటితే నేరం. గేల్ ఒకసారి అడవిలోకి పారిపోదామంటాడు, కాట్నిస్ పిల్లల్ని తలుచుకుని కొట్టిపారేస్తుంది. ధాత కరువు నాటి మనవాళ్ళకు కనీసం మద్రాసు రేవు, నేటాల్‌కో మారిషస్‌కో పోయే ఓడ, వేలిముద్ర వేయడానికి ఒక ఒప్పందం ఉన్నాయి. మాకు చదువు, విమానం. వలస అనే తలుపు మూసేసిన లోకం ఎలా ఉంటుందో రాసిన పుస్తకం ఇది. ఆ తలుపులోంచి వచ్చినవాడు దాన్ని చదువుతుంటే ఎక్కడ కూర్చోవాలో తెలియదు. ఊళ్ళో వాళ్ళు ఫోన్ చేసి వానల్లేవంటే, ఆ మాట విని, స్పీకరు ఆపి, మిగిలిన పిజ్జా చెత్తబుట్టలో వేసే ఇంట్లో ఉంటున్నాను నేను. మా అమ్మాయి తప్పు చెప్పలేదు.

బరిలోని అధ్యాయాల గురించి ఎక్కువ చెప్పను. అవి ఎంత ఉత్కంఠగా ఉంటాయో చదివినవారికి తెలుసు. ఒక్క మాట. కథంతా ఉత్తమ పురుషలో, వర్తమానంలో నడుస్తుంది. తెలుగులో అలా రాస్తే 'పరుగెడుతున్నాను, దాక్కుంటున్నాను' అని క్రికెట్ వ్యాఖ్యానంలా ఉంటుంది. ఇంగ్లీషులో అది మనల్ని ఆ పిల్ల కళ్ళలోకి తోసేస్తుంది. ఆమె బతకాలని కోరుకుంటాం, అంటే తక్కినవాళ్ళు పోవాలని కోరుకుంటాం. అయిదో డిస్ట్రిక్టు నుంచి వచ్చిన నక్కమొహం పిల్ల ఉంటుంది. ఎవరినీ చంపదు, దొంగచాటుగా కొంచెం కొంచెం తిండి తీసుకుంటూ తెలివితో బతుకుతుంది. పీటా ఏరిన పళ్ళు మంచివే అయుంటాయని నమ్మి తిని చనిపోతుంది. కథ వేడిలో చదివేవాడికి అక్కడ తోచేది ఇంకొకరు తగ్గారనే. మెల్లగా చదివితే ఆమెకు పేరు కూడా లేదని కనిపిస్తుంది.

లోపాలు లేకపోలేదు. గుహలో ప్రేమ సన్నివేశాలు సాగాయి. చివర వచ్చే తోడేళ్ళలాంటి జంతువులకు చనిపోయిన పిల్లల కళ్ళు పెట్టడం నాకు రుచించలేదు. మనుషులు చేసిన దారుణం అంత స్పష్టంగా చెప్పాక భూతాల అవసరం ఏముంది?

నేను ఎక్కువసేపు ఆగిపోయింది పదకొండో డిస్ట్రిక్టు రొట్టె దగ్గర. రూ అనే పన్నెండేళ్ళ పిల్ల అక్కడినుంచి వస్తుంది. పండించిన పంట పండించినవాళ్ళు నోట్లో వేసుకుంటే అందరి ముందూ కొరడాతో కొడతారని కాట్నిస్‌కు చెబుతుంది. రూ చనిపోయాక కాట్నిస్ ఆమె చుట్టూ పూలు పేర్చి సాగనంపుతుంది. ఆ తర్వాత ఆకాశంలోంచి ఒక వెండి పారాచూట్ దిగుతుంది, అందులో ఒక చిన్న రొట్టె. బరిలోని పిల్లలకు బయటినుంచి ఏది పంపాలన్నా డబ్బు కట్టాలి, ఆట సాగేకొద్దీ ధర పెరుగుతుంది. ఆ ఊరివాళ్ళు రూ కోసం కూడబెట్టి ఉంటారు, ఆమె పోయాక కాట్నిస్‌కు పంపారు. ఒక డిస్ట్రిక్టు ఇంకో డిస్ట్రిక్టు పిల్లకు కానుక పంపడం కాట్నిస్ ఎరిగినంతలో అంతకుముందు జరగలేదు. రొట్టె ఎలా ఉందో రెండు ముక్కల్లో చెబుతారు. నెలవంక ఆకారం, పైన గింజలు చల్లారు, పిండి మాత్రం కాపిటల్ తెల్లపిండి కాదు, నల్లటి రేషన్ గింజలది. ఆ గింజలు ఆ ఊరి పిల్లలు చీటీలు వేయించుకుని తెచ్చుకున్నవే అయుండాలి. కాట్నిస్ ఆ ఊరివాళ్ళకు పైకి వినబడేలా కృతజ్ఞతలు చెప్పి, ఆ రొట్టె తింటుంది.