పాత కారుకు కొత్త రంగు: లోపల ఉన్నది అసలుదేనా?

తాతల నాటి అంబాసడర్‌నో, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌నో షెడ్డులోంచి తీసి బాగుచేయించాలని చూస్తున్నారా? లేక ఎవరో బాగుచేసి పెట్టిన బండిని కొనబోతున్నారా? రంగు మెరుపు చూసి డబ్బు లెక్కపెట్టకండి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. కానీ ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. చిక్కంతా అక్కడే.

అమెరికా మజిల్ కార్లలోనూ ఇదే తంటా. 1964, 65లో పాంటియాక్ జీటీవో విడి మోడల్ కాదు, లెమాన్స్ కారు మీద అదనంగా కొనుక్కునే ప్యాకేజీ. అందుకే మామూలు లెమాన్స్‌కు జీటీవో బిళ్లలు తగిలించి అమ్మితే ఛాసీ నంబరు ఒక్కటే చూసి పట్టుకోలేరు. ఇంజన్ మీది అచ్చులు, కంపెనీ రికార్డులు కలిపి చూడాల్సిందే.

మన బండికీ అంతే. ముందు ఆర్‌సీ పుస్తకంలోని ఛాసీ, ఇంజన్ నంబర్లను ఇనుము మీదివాటితో సరిపోల్చండి. అంకెలు వంకరగా ఉన్నా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా ఆగండి. రేకు బిళ్లను నమ్మకండి, శివకాశి పక్కనున్న మనకు అచ్చు సంగతి ఒకరు చెప్పాలా! అంబాసడర్‌కు కంపెనీ డీజిల్ ఇంజన్ 1980 ప్రాంతంలోనే వచ్చింది. 1968 బండిలో డీజిల్ ఉంటే తర్వాత మార్చినట్టే. తలుపుల అడుగున మాగ్నెట్ పెట్టండి, అంటుకోకపోతే అక్కడ పట్టీ మందంగా పూశారని అర్థం.

కాగితాల్లో ఊరి చరిత్ర కూడా పనికొస్తుంది. మద్రాసు రాష్ట్రం 1969 జనవరిలో తమిళనాడు అయింది. విరుదునగర్ 1985 వరకు రామనాథపురం జిల్లాలో, కోవిల్‌పట్టి 1986 వరకు తిరునెల్వేలి జిల్లాలో ఉండేవి. కాబట్టి పాత పుస్తకంలో తిరునెల్వేలి అని కనిపిస్తే కంగారు పడకండి. 1970లో రాసిందని చెప్పే పుటలో తూత్తుకుడి జిల్లా అని ఉంటేనే అనుమానించాలి.

మీరే బాగుచేయిస్తుంటే, టింకరింగ్ మొదలుకాకముందే నంబర్లను దగ్గరగా ఫొటో తీసుకోండి. ఛాసీ నంబరు తుప్పుపట్టి చదవరాకపోతే షెడ్డులో మళ్లీ కొట్టించకండి, అది నేరం కిందికి పోవచ్చు. ముందు ఆర్టీవో ఆఫీసులో రాసిచ్చి అనుమతి తీసుకోండి. విప్పిన పాత సామాను పాత ఇనుము కొట్టుకు వేయకుండా సంచిలో కట్టి దాచండి.

పాత బళ్లు ఎలా ఉండేవో చూడాలంటే, కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు గారి కుటుంబ సంస్థ నడిపే జీడీ కార్ మ్యూజియం ఉంది. వెళ్లేటప్పుడు మీ మెకానిక్‌ను కూడా వెంటబెట్టుకుపోండి.