ప్యాకెట్ మాట నమ్మొచ్చా?

నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ తన ఊరూ పేరూ తానే చెప్పుకుంటుంది. మొదటి 14 బైట్లు ఈథర్‌నెట్ హెడర్. అందులో చివరి రెండు బైట్లు తర్వాతి పొర ఏమిటో చెబుతాయి. ఆపైన వచ్చే ఐపీ హెడర్‌లో మొదటి బైటు సాధారణంగా హెక్సాడెసిమల్‌లో 45 అని ఉంటుంది: 4 అంటే వెర్షన్, 5 అంటే హెడర్ పొడవు, నాలుగేసి బైట్ల లెక్కన 20. పదో బైటులో 6 ఉంటే లోపల టీసీపీ, 17 ఉంటే యూడీపీ, 4 ఉంటే మళ్లీ ఇంకో ఐపీ హెడర్. ఇలా పొర తర్వాత పొర విప్పుకుంటూ పోవడాన్నే పార్సింగ్ అంటారు. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నీ ఒకే ప్రాసెసర్ కోరుకు చేరాలన్నా ఈ విప్పుడు తప్పదు. ఇక్కడో చిక్కుంది. ఎన్ని బైట్లు దాటాలో చెప్పేది ప్యాకెట్టే, దాన్ని పంపిందేమో ముక్కూ మొహం తెలియనివాడు.

ఆ మాట నమ్మితే ఏమవుతుందో లైనక్స్ 2013లో చూసింది. కెర్నల్‌లో ఈ పని చేసే ఫ్లో డిసెక్టర్ అనే భాగాన్ని సి భాషలో చేత్తో రాశారు. ఐపీలో ఐపీ ఉన్న ప్యాకెట్ తయారుచేసి, పొడవు గడిలో 5 బదులు సున్నా పెట్టారనుకోండి. డిసెక్టర్ సున్నా బైట్లు ముందుకు జరుగుతుంది, అంటే ఉన్నచోటే ఉంటుంది. అదే హెడర్ మళ్లీ చదువుతుంది, మళ్లీ 4 చూస్తుంది, మళ్లీ సున్నా జరుగుతుంది. గానుగెద్దుకైనా సాయంత్రానికి విడుపు ఉంటుంది, దీనికి అదీ లేదు. పొడవు 5 కంటే తక్కువైతే వదిలేయమనే చిన్న తనిఖీ చేర్చి దీన్ని సరిచేశారు. ఐపీ పొరలో అలాంటి తనిఖీ అప్పటికే ఉంది. కానీ డిసెక్టర్ అంతకంటే ముందే పని మొదలుపెడుతుంది. రాసినవాళ్లు అసమర్థులేమీ కారు. పదుల కొద్దీ ప్రోటోకాళ్లకు చేత్తో కోడ్ రాస్తూ ఒక్క తనిఖీ కూడా మరవకూడదనడమే అత్యాశ.

అందుకే పార్సింగ్ నియమాలను కెర్నల్‌లో పాతిపెట్టకుండా, బయటి నుంచి ఎక్కించే చిన్న ప్రోగ్రాములుగా రాసి, ఎక్కించేముందే యంత్రంచేత పరీక్ష చేయించడం మేలని నా వాదన. ఆలోచన కొత్తదేమీ కాదు. 1992లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మెక్‌క్యాన్, జేకబ్‌సన్ రూపొందించిన బీపీఎఫ్ ఫిల్టర్ ముందుకే దూకగలదు, వెనక్కి రాలేదు. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరుతుంది. 2014లో లైనక్స్‌లోకి వచ్చిన ఈబీపీఎఫ్‌కు వెరిఫయర్ తోడైంది. ప్యాకెట్ చివర ఎక్కడో సరిచూసుకోకుండా ఒక్క బైటు చదవబోయినా, అంతులేని లూప్ ఉన్నా ఆ ప్రోగ్రామును అది లోపలికి రానివ్వదు. 2018 చివర్లో వచ్చిన 4.20 వెర్షన్ నుంచి ఫ్లో డిసెక్టర్ పనినే ఇలాంటి ప్రోగ్రాముకు అప్పగించవచ్చు. కొత్త ప్రోటోకాల్ వస్తే కెర్నల్ మార్చి మెషీన్ రీబూట్ చేయాల్సిన పనీ తప్పుతుంది.

వెరిఫయర్‌ను రాసిందీ మనుషులే కదా అని అడగవచ్చు. నిజమే. 32 బిట్ల లెక్కల్లో హద్దులు సరిగా కట్టలేక అది పొరబడిందని 2020లో బయటపడింది, దాని ఆసరాతో మామూలు యూజర్ కెర్నల్‌నే చేజిక్కించుకోగలిగాడు. అయితే ఆ దొంగ ముందు మెషీన్‌లో లాగిన్ అయి ప్రోగ్రాము ఎక్కించగలిగినవాడై ఉండాలి. 2013 నాటి లోపానికి అదీ అక్కర్లేదు, దారినపోయే దానయ్య ఒక ప్యాకెట్ విసిరితే చాలు. ఇంటిదొంగను పట్టడం కష్టమే కానీ, ప్రోగ్రాములు ఎక్కించే హక్కును అడ్మిన్‌కే పరిమితం చేసి ఆ దారిని ఇరుకు చేయవచ్చు. ప్యాకెట్ల దారి అలా మూయలేం.

వేగం సంగతి మరొకటి. 10 గిగాబిట్ల లైన్ మీద అతిచిన్న ప్యాకెట్లు సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షలు వస్తాయి. ఒక్కోదానికి దక్కేది 67 నానోసెకన్లు. ఇంత ఇరుకులో ఈ తతంగం ఎలా ఇముడుతుందంటే, పరీక్ష ఎక్కించేటప్పుడు ఒక్కసారే జరుగుతుంది, ఆపైన ప్రోగ్రాము ప్రాసెసర్ సొంత భాషలోకి మారిపోతుంది. డ్రైవర్ దగ్గరే ఇలాంటి ప్రోగ్రాములు నడిపే ఎక్స్‌డీపీ మీద 2018లో ప్రచురించిన కొలతల్లో ఒక్క కోరు సెకనుకు 2 కోట్ల 40 లక్షల ప్యాకెట్ల దాకా పారేసింది. పారేయడం తేలిక, లోతుగా విప్పడం అంత తేలిక కాదన్నది వేరే మాట.

నాకు బరువైనదిగా తోచే అభ్యంతరం ఇంకోటి: వెరిఫయర్‌కు హద్దులే తెలుసు, అర్థం తెలియదు. పదో బైటు బదులు తొమ్మిదో బైటు చదివే ప్రోగ్రామునూ అది నిక్షేపంగా పాస్ చేస్తుంది. అప్పుడు ప్యాకెట్లు తప్పు కోరుకు పోయి పని నెమ్మదిస్తుందే తప్ప మెషీన్ కూలదు. కెర్నల్ కూడా ఈ సంగతి ఎరిగే నడుచుకుంటుంది. డిసెక్టర్ ప్రోగ్రాము ముగిశాక, హెడర్లు ఎక్కడ మొదలవుతాయని అది చెప్పిన అంకెలను ప్యాకెట్ పొడవు దాటకుండా మరోసారి కుదించాకే వాడుకుంటుంది.