టామ్ కేక వెనక కథ

"ఆ గోలేమిట్రా, కాస్త సౌండ్ తగ్గించు!" అని వంటింట్లోంచి కేకేశాను. మనవడు అలిగి సౌండ్ మొత్తం తీసేశాడు. పప్పు దించి వచ్చి చూద్దును కదా, టామ్ మెట్ల మీంచి దొర్లుకుంటూ పడుతోంది, నాకు నవ్వే రాలేదు. "చూశావా అమ్మమ్మా!" అన్నాడు వాడు. నిజమే సుమండీ! కార్టూన్‌కి సగం ప్రాణం శబ్దమే. అన్నట్టు, టామ్ పెట్టే ఆ కేకలు దాన్ని సృష్టించిన ఇద్దరిలో ఒకరైన విలియం హన్నావే!

తొలి టాకీల్లో చాలావాటికి శబ్దం విడిగా రికార్డు ప్లేటు మీద ఉండేది. ముల్లు కాస్త జారిందా, బొమ్మ ఒకటి, మాట మరొకటి! అందుకే వాల్ట్ డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ'కి ఫిల్మ్ అంచునే శబ్దం ముద్రించే పద్ధతి ఎంచుకున్నాడు. మొదటిసారి వాద్యబృందం బొమ్మతో తాళం కలపలేక రికార్డింగ్ పాడైంది. రెండోసారి ఖర్చు కోసం పాపం, కారు అమ్ముకున్నాడు. 1928 నవంబరు 18న న్యూయార్క్‌లోని కాలనీ థియేటర్లో మిక్కీ ఈల మోగింది.

1940లో అదే హాల్లో 'ఫాంటేసియా' విడుదలైంది. అప్పటికి ఆ హాలు పేరు బ్రాడ్‌వే. ఈసారి సంగీతానికే వేరే ఫిల్మ్, బోలెడు స్పీకర్లు. దాని పేరు ఫాంటసౌండ్. వైభోగమే కానీ, అంత సామగ్రి ఎన్ని హాళ్ళు పెట్టగలవు? 1942లో ఊరూరా ఆడినప్పుడు మామూలు శబ్దంతోనే సరిపెట్టారు.

1954 నుంచి ఎం.జి.ఎం. వాళ్ళు టామ్ అండ్ జెర్రీకి పెర్‌స్పెక్టా వాడారు. ఒకే శబ్దపు చారలో మన చెవిన పడనంత మంద్రంగా మూడు స్వరాలు కలిపేవారు. ఎడమ, మధ్య, కుడి స్పీకర్లలో దేన్ని ఎంత పెంచాలో యంత్రానికి అవి చెప్పేవి. అలా జెర్రీ ఎటు పరిగెడితే శబ్దాన్నీ అటే నడిపించొచ్చు. ఆ యంత్రం లేని చిన్న హాల్లోనూ అదే రీలు హాయిగా ఆడేది.

నాకు నచ్చిన కిటుకు ఇదే. ఎన్ని హంగులు చేసినా నలుగురికే అందితే ఏం లాభం? ఇంటిల్లిపాదికీ సరిపడితేనే కదా వంటకి అందం!

ఇప్పుడు మావాణ్ణి సౌండ్ తగ్గించమంటాను కానీ, తీసెయ్యమనను. మీరూ ఒక్కసారి సౌండ్ తీసేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.