రాయి మీద గీత ఎవరిది?

అమరావతి స్తూపం శిల్పాలు పల్నాటి సున్నపురాయిలో చెక్కినవి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్లి, అక్కడ ఒక బండ్లశాలలో మరుగున పడిపోయాయి. జేమ్స్ ఫెర్గూసన్ వాటిని వెలికితీసి, సాంచీ శిల్పాలతో కలిపి 1868లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో ఫొటోలున్నాయి, లితో (రాతి అచ్చు) పలకలున్నాయి. అమరావతి శిల్పాలకు ఫొటోలు తీసినవాడు విలియం గ్రిగ్స్. ఆ రోజుల్లోనే లితో పనిలో దిగి, ఆ రంగంలో పేరు తెచ్చుకున్నాడు. అమరావతి కథ చెప్పేటప్పుడు ఇలియట్‌నూ ఫెర్గూసన్‌నూ తలుచుకుంటాం గానీ గ్రిగ్స్ దాకా రాము. బొమ్మను అచ్చులోకి దించే లితోగ్రాఫర్ ఉత్త నకలు తీసేవాడు కాడనీ, మన కళ్లకు చేరే బొమ్మకు అతడూ కర్తేననీ, ఆ లెక్కన అతనికి పేరూ మర్యాదా దక్కాలనీ నా వాదన.

పని తీరు చూస్తే ఇది బోధపడుతుంది. బవేరియా నాటక రచయిత అలోయిస్ సెనెఫెల్డర్ తన రచనలను చవగ్గా అచ్చేసుకునే దారి వెతుకుతూ 1796 ప్రాంతంలో ఈ లితో పద్ధతి కనిపెట్టాడు. ఇందులో అక్షరం ఎత్తుగా ఉండదు, గీత లోతుగా ఉండదు. అంతా ఒకే మట్టం. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మను తిరగేసి గీస్తారు. కాస్త నత్రికామ్లం కలిపిన తుమ్మజిగురు పూస్తారు. ఆ తర్వాత రాతిని తడిపితే గీత లేనిచోట నీరు నిలుస్తుంది, గీత ఉన్నచోట నిలవదు. రోలర్ తిప్పితే జిడ్డు సిరా తడిని వదిలేసి గీతనే పట్టుకుంటుంది. ఆమ్లం ఎక్కువైతే సన్నని నీడల్ని తినేస్తుంది. నీరు ఎక్కువైతే బొమ్మ పాలిపోతుంది, తక్కువైతే ఖాళీ జాగాకు మురికి పడుతుంది. కొలతలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఈ రాతికి, ఈ కాగితానికి, ఈ పూట గాలిలో ఉన్న తేమకు ఎంత అన్నది పనివాడే తేల్చుకోవాలి.

గ్రిగ్స్ అలా తేల్చుకుంటూ ఎదిగినవాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే వడ్రంగం నేర్చుకున్నాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో భారత విభాగంలో పనివాడిగా చేరాడు. 1855 నుంచి ఇండియా మ్యూజియంలో సాంకేతిక సహాయకుడు. ఫొటోను రాతి మీదికి దించి, దానిపై ఒక్కో రంగునూ ఒక్కో రాతితో గురి తప్పకుండా అచ్చేసే విధానానికి ఆద్యుడనిపించుకున్నాడు. ఫొటో ఉండగా రాతి మీద పనివాడు కొత్తగా చేసేదేముందని అడగవచ్చు. శిథిలమైన పలక మీద ఏది ఉలి గీతో, ఏది పగులో, ఏది ఉత్త నీడో కెమెరా విడదీయదు. గీసేవాడు విడదీయక తప్పదు. అతడు పగులును హారంగా గీస్తే, వేల మైళ్ల దూరాన పుస్తకం తెరిచినవాడికి హారమే కనిపిస్తుంది.

ఊహంతా చిత్రకారుడిదే కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. ఊహ ఆయనదే, కాదనను. కానీ రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టినప్పుడు జర్మన్ నిపుణులు కావలసి వచ్చింది. తైలచిత్రంలో లక్ష్మి చీర ఎరుపు ఒక్క ఎరుపు కాదు. దాన్ని రాళ్లకు పంచాలి: లేత ఛాయ ఏ రాతికి, మడతల్లోని ముదురు దేనికి, చెంప మీద చుక్కలు ఎంత పలచగా ఉండాలి. తెలుగువాళ్ల ఇళ్లలో పటం కట్టించి పూజించిన ముఖాల ఛాయలు ఈ పంపకంలోంచి వచ్చినవే. ఆ ప్రెస్సును ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడు కొన్నాడు. 1906లో రవివర్మ పోయాక కూడా అచ్చులు దశాబ్దాలపాటు సాగాయి.

రాళ్లు పోయాయి, నిజమే. 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఆఫ్‌సెట్‌లో క్రమంగా రాతికి బదులు లోహపు ప్లేటు, దానికీ కాగితానికీ మధ్య రబ్బరు బ్లాంకెట్ నిలిచాయి. నీరూ జిడ్డూ సూత్రం మాత్రం మారలేదు. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి రైతు చేతికొచ్చే విత్తనాల కరపత్రం, దుకాణంవాళ్లిచ్చే క్యాలెండరు సాధారణంగా దీని సంతానమే. గోతాల మీది ముద్రలు, ప్లాస్టిక్ సంచులు వేరే పద్ధతులవి. పురుగుమందు సీసా మీది కాగితాన్నే తీసుకోండి. 1971 నాటి నియమాల ప్రకారం దాని మీది వజ్రాకారపు గుర్తులో కింది సగం రంగు విషం తీవ్రతను చెబుతుంది: అన్నిటికన్నా ప్రమాదం ఎరుపు, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నాలుగు రంగుల అచ్చులో ఎరుపు సిరా విడిగా ఉండదు. మెజెంటా, పసుపు కలిస్తేనే ఎరుపు. మెజెంటా పలచబడితే ఎరుపు నారింజలోకి, ఇంకా తగ్గితే పసుపు వైపుకు జారుతుంది. చదువు రాని కూలీ మందు కలిపేటప్పుడు నమ్ముకునేది ఆ రంగునే.

ఇప్పుడు ప్లేటు కంప్యూటరే చేస్తోంది, రంగు పరికరమే కొలుస్తోంది, ఇక మనిషెందుకు అంటారు. రంగు తేడా ఉందని పరికరం చెబుతుంది. అది రోలర్ అరగడం వల్లనా, నీళ్ల పాళ్లు తప్పడం వల్లనా, కాగితం వల్లనా అన్నది మెషీన్ దగ్గరున్న మనిషి పట్టాలి. మే నెల ఎండకు కాగితం అంచులు ఆరిపోయి ముడుచుకుంటే, మొదటి రంగుకూ చివరి రంగుకూ మధ్య షీటు కొలతే మారిపోతుంది. రిజిస్టర్, అంటే రంగు మీద రంగు పడే గురి, వెంట్రుకవాసి తప్పినా సన్నని అక్షరాలు అలికినట్టవుతాయి. మందు మోతాదు ఉండేది ఆ సన్నని అక్షరాల్లోనే.

మరి పేరు? 2024 దాకా అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్ చట్టం పుస్తకం మీద ముద్రాపకుడి పేరూ ఊరూ వేయమనేది. ఎన్నికల కరపత్రాలకూ అలాంటి నిబంధన ఉంది. అది బాధ్యత ఎవరిదో తేల్చడానికి. మెషీన్ మీద నిలబడ్డవాడికి అందులో చోటు లేదు. 1960లో లాస్ ఏంజెలెస్‌లో జూన్ వేన్ స్థాపించిన టామరిండ్ వర్క్‌షాప్ వేరే ఆనవాయితీ పెట్టింది. అక్కడ చిత్రకారుడి సంతకంతో పాటు అచ్చేసినవారి ముద్ర కూడా కాగితం మీద పడేది. హైదరాబాద్‌లో, బరోడాలో చదివిన దేవరాజ్ దాకోజీ న్యూయార్క్‌లోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ వర్క్‌షాప్‌లో మాస్టర్ ప్రింటర్‌గా పనిచేశారు; అలాంటి చోట్ల ఆ మాట గౌరవపదం. కొద్ది ప్రతుల కళాచిత్రాలకు చెల్లే మర్యాద వేల ప్రతుల క్యాలెండరుకు కుదరదనడం నేను ఒప్పుకోను. ఈ పనికి మన దేశంలో శిక్షణ ఉంది: ఐటీఐల్లో లితో ఆఫ్‌సెట్ మెషీన్ మైండర్ అనే ట్రేడు, అప్రెంటిస్ పద్ధతిలో లితో ప్లేట్ మేకర్, రీటచర్ పనులు. శిక్షణ పొందిన పిల్లలు ప్రెస్సులోకి వస్తే, పుస్తకం చివర ప్రెస్సు పేరు కింద ఇంకో వరస పెట్టడానికి అదనపు ఖర్చేమీ లేదు: రంగులు విడదీసింది ఫలానా, ప్లేటు చేసింది ఫలానా, మెషీన్ నడిపింది ఫలానా.