కష్టమునకు కూలియా, కన్నీటిలో వాటాయా?

అమీర్‌పేట నుండి పంజగుట్ట చౌరస్తాకు నడచు బాటసారికి రెండు దృశ్యములు గోచరించును. ఒకవంక క్షణమైన నిలువని వాహనప్రవాహము. వేఱొకవంక నిమ్స్ ఆసుపత్రి వాకిట దిగులుతో కూర్చున్న బంధుజనము. మూడవ దృశ్యము వీధిలో కానరాదు. ఇంటి యజమాని రోడ్డు ప్రమాదమున గతించిన పిమ్మట, నష్టపరిహారమునకై భార్య న్యాయవాది గుమ్మము త్రొక్కును. “గెలిచినచో నూటికింత” యను మాట అచ్చటనే పుట్టును.

ఈ మాట చెల్లునా యను ప్రశ్న హైదరాబాదు నుండియే సుప్రీంకోర్టునకు పోయినది. 1998 జూలైలో ఒక మహిళ భర్త మోటారు ప్రమాదమున మరణించెను. పరిహారము మంజూరు కాగా ఆమె 10 లక్షల రూపాయలు ఫీజుగా చెల్లించెను. ఖాతాలో సొమ్ము లేదని మొఱపెట్టినను, 2014 అక్టోబరులో మఱి 3 లక్షలకు తనచే బలవంతముగా చెక్కుపై సంతకము చేయించిరని ఆమె ఆరోపణము. ఆ చెక్కుపై ఆమె మీదనే క్రిమినలు కేసు దాఖలయ్యెను. దానిని కొట్టివేయుటకు హైకోర్టు నిరాకరించెను. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆదర్శ్ కుమార్ గోయల్, ఉదయ్ ఉమేశ్ లలిత్ గారలు కొట్టివేసిరి. వ్యాజ్యఫలములో వాటా కోరు ఒడంబడిక ప్రజాహితమునకు విరుద్ధము గనుక కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను క్రింద చెల్లదనియు, సంతకమున్నంత మాత్రమున చెక్కు తీర్చవలసిన ఋణము కాజాలదనియు వారి నిర్ణయము.

ఇది క్రొత్త ధర్మము కాదు. బార్ కౌన్సిలు నియమములు ఇట్టి వాటాను నిషేధించియే యున్నవి. ముందుగా ఫీజు చెల్లింపజాలని పేదకు వాటా పద్ధతియే దిక్కు గదా యని కొందఱందురు. ఆ వాదమును త్రోసిపుచ్చరాదు. అమెరికాలో ఆ పద్ధతి కలదు. కాని ఫీజు సమంజసమై యుండవలెనను నియమమును అచ్చట గలదు. ఇంగ్లండులో సొలిసిటరు బిల్లు అధికమని తోచినచో, 1974 నాటి చట్టము క్రింద కోర్టుచే మదింపు చేయించుకొనవచ్చును.

మనకు అట్టి సులభమార్గము లేదు. ఫీజు రూల్సులోని మొత్తములు మార్గదర్శకములు మాత్రమే. బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేసినచో ప్లీడరు ప్రవర్తనపై విచారణ జరుగును గాని బిల్లు తూచు త్రాసు అచ్చట లేదు. వృత్తి నియంత్రణకు శాసనమున మార్పులు అవసరమని ఆ తీర్పే ప్రభుత్వమునకు సూచించినది.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకయే ప్రతి స్త్రీయు ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. ఈ సంగతి ఆసుపత్రి వాకిటనే ఆమె చెవిని పడవలదా?

న్యాయవాది శ్రమకు తగిన వేతనము లభింపవలసినదే, కాదనువా రెవ్వరు? అయితే ఆ వేతనమును కొలువవలసినది ఆయన పడిన శ్రమతో గాని, కక్షిదారునకు కలిగిన విపత్తుతో గాదు. పరిహారము లాభము కాదు. తండ్రి లేని బిడ్డల రేపటి అన్నము.